ముప్పై ఒకటో నంబరు

బాలానగర్‌ల షెడ్డుకు తాళం పడ్డదని
మొదట చెప్పింది ఇలియాజర్.
ఎవ్వరం నమ్మలే.
నిరుడు గూడ ఇట్లనే చెప్పి
మా అందరితోని రెండేసి డబ్బాలు కొనిపిచ్చిండు.

ఈసారి నిజం.
చాబీమంది ఇగ రారు.
వీపుల చాబీ తిప్పితే
టకటక నడిచే వేలెడంత మనుషులు.
నాలుగో నంబరు గోలా బండాయన,
తొమ్మిదో నంబరు పతంగి పోరడు,
పదిహేడో నంబరు సిటీ బస్సు కండక్టర్...
ముప్పై మంది. ఖతం.

ఆదివారం పొద్దుగాల నారాయణగూడ హోటల్ల
పాలరాతి బల్ల చుట్టు ఏడుగురం,
మాసికానికి వచ్చినట్టు.
కని ఎవని మొఖంల దుఃఖం లేదు, లెక్కలున్నయి.

"గోలా బండాయన ఇప్పుడెంత పలుకుతడు?"
"నీ దగ్గరున్నాయనకు చెయ్యే లేదు గద."
"గమ్ము పెట్టి అతికిచ్చిన."
"అందుకే సలాం కొట్టినట్టుంటడు,
గోలా ఇచ్చినట్టుండడు."
నవ్వుకు చాయ్ ఒలికింది.

డబ్బా విప్పనోళ్ళు ఒక దిక్కు, విప్పినోళ్ళు ఒక దిక్కు,
పదకొండేండ్ల సంది ఇదే పంచాయితి.
దుర్దానా బేగం బీరువాల, షాదీ జోడా పక్కన,
ముప్పై డబ్బాలు సీలుతోనే ఉన్నయి.
"నీ కండక్టర్‌కు ఊపిరాడుతలేదు బేగం,
పదకొండేండ్లాయె, ఒక్క స్టాపు దిగలే"
అన్నడు సోమసుందర్.
"నీ కండక్టర్‌ను నీ మనవరాలు చారుల వేసింది.
నావోడు ఉక్కపోసినా బతికే ఉన్నడు."
దీనికి జవాబు సోమసుందర్ ఇంకా దేవులాడుతున్నడు.

నేనైతే విప్పే జాతి.
కరెంటు మీటర్ రీడింగ్ తీసే కొలువు నాది.
గల్లీ గల్లీ నడిచి నడిచి ఇంటికొచ్చి
నా బదులు ఇంకొకడు నడుస్తుంటే చూస్త,
బల్ల అంచుదాక.
పడేముందు పట్టుకుంట.
నన్నెవరన్న అట్ల పట్టుకుంటే బాగుండునని
ఇక్కడెన్నడు అనలే.
అంటే బిల్లు నాతోనే కట్టిపిస్తరు.

తర్వాత ముచ్చట మెల్లకన్ను మీదికి వచ్చింది.
ఎప్పుడైనా వస్తది.
పదిహేడో నంబరుల కొందరికి
కుడికన్ను ముక్కు దిక్కు చూస్తది.
వాళ్ళ మీదనే మా పానం.
చిల్లర ఎగ్గొట్టేటప్పుడు చూపు అట్లనే ఉంటది,
కావాలనే చేసిన్రని ఇలియాజర్ సిద్ధాంతం.
మిషన్ తప్పని సోమసుందర్ది.

మూలకు కూసుండే నాంపల్లి
(పేరు నాంపల్లి, ఉండుడు మౌలాలి)
ఎన్నడు నోరిప్పనోడు, అన్నడు:
"మిషన్ కాదు. మా అక్క."

ఎత్తిన కప్పులు ఎత్తినట్టే ఆగినయి.

"కండ్లు ఆమెనే వేస్తుండె. దినానికి ఎనిమిది వందల కండ్లు.
ఆ వారం కరెంటు లేకుండె.
మోంబత్తి పెట్టుకొని వేసింది.
ఎన్ని తప్పైతే అన్నిటికి పైసలు కోసిన్రు."

మెల్లకన్నోడు ఒక్కనికి నేను నాలుగు వేలు పెట్టిన.
ఎవ్వరం ఎవ్వరి దిక్కు చూడలే.
ఏడు జతల కండ్లు, అన్నీ ముక్కు దిక్కే.

ముందు తేరుకున్నది బేగమే.
"అయితే అడుగు మీ అక్కను, ముప్పై ఒకటి ఎవరు?"

అవును. ప్రతి డబ్బా వెనుక
ముప్పై బొమ్మల కింద ఒక నల్లటి నీడ,
పక్కన 'త్వరలో' అని.
మళ్ళ లేచింది లొల్లి.
అత్తరు అమ్మేటాయన.
కాదు, నెత్తి మీద బుట్ట కనవడ్తలేదా, గాజులామె.
బుట్ట కాదది, హెల్మెట్.
హెల్మెట్ పెట్టుకున్నోడు మన ఊరోడెట్లైతడు?
మీటర్ రీడర్, అన్న నేను. ఎవ్వరు వినలే.

"అడిగిన" అన్నడు నాంపల్లి.
"ఆమెకెరుకే. నమూనాకు కండ్లు గూడ వేసిందట.
చెప్పనంటది.
చెప్తే వచ్చే ఐతారం మీరేం మాట్లాడుకుంటరంటది."

బిల్లు వచ్చింది, నూట తొంభై.
ఎవరు కట్టాలన్నది మళ్ళ మొదటి నుంచి.

రేపు నా రూటు మౌలాలి.
ఒక తలుపు కాడ జర ఎక్కువసేపు నిలవడాలె,
రీడింగ్ మసకగ ఉందని చెప్పి.